నీలితొట్టి, గాజుగొట్టం

కృత్తివెన్ను సెంటర్లో నిలబడితే ఒక చేతి వైపు పెడన వెళ్ళే దారి, రెండో చేతి వైపు ఉప్పుటేరు. ఏరు దాటితే పశ్చిమ గోదావరి, ఇంకాస్త పోతే భీమవరం. పెడనలో అద్దకం బట్ట మీద ఒక నీలం ఉంది. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ముప్పై ఏళ్ళ తర్వాత హార్వర్డ్‌లో గాజుగొట్టంలో తేల్చిన నీలం మరొకటి. ఒకటి కట్టుకునేది, ఒకటి కొలిచేది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన రాత నాకు ఎక్కడా కనిపించలేదు. కళ గురించి రాసేవారు ఒక దాన్ని తీసుకుంటారు, విజ్ఞానం గురించి రాసేవారు రెండో దాన్ని తీసుకుంటారు. కానీ రెండు నీలాల వెనకా జరిగే పని ఒకటే. నీటిని కత్తిగా పట్టుకుని అణువును కోసే ఎంజైముల పని అది.

వాటిని హైడ్రోలేజులు అంటారు. అణువులో రెండు ముక్కల్ని కలిపే బంధం దగ్గర ఎంజైము నీటి అణువును దూరుస్తుంది. నీరు రెండుగా చీలి, హైడ్రోజన్ ఒక ముక్కకూ హైడ్రాక్సిల్ రెండో ముక్కకూ అతుక్కుంటాయి. బంధం తెగిపోతుంది. అన్నం ముద్ద కాసేపు నమిలితే తియ్యగా మారడం ఇదే. 1833లో పేయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన డయాస్టేజ్, మనిషి విడదీసి పేరు పెట్టిన మొదటి ఎంజైము. అది కూడా ఈ జాతిదే. 1961లో ఎంజైములన్నిటినీ తరగతులుగా విడగొట్టినప్పుడు వీటికి మూడో గది దక్కింది.

ఈ కోతకు రంగు లేదు, చప్పుడు లేదు. తెగిన ముక్కలు నీళ్ళలో కరిగిపోయి నీళ్ళలాగే ఉంటాయి. అందుకే హైడ్రోలేజును వాడుకోవాలన్నా తెలుసుకోవాలన్నా ముందు దాని పని కంటికి కనపడేలా చేసుకోవాలి. పెడన నీలమూ సుబ్బారావు నీలమూ ఈ ఒక్క చిక్కుకు దొరికిన రెండు జవాబులు. నా పోలిక అంతా ఇక్కడి నుంచే.

ముందు తొట్టి సంగతి.

నీలిచెట్టు ఆకు పచ్చగానే ఉంటుంది. నలిపి చూసినా నీలం రాదు. ఆకులో ఉన్నది ఇండికాన్. ఇండాక్సిల్ అనే ముక్కకు ఒక గ్లూకోజు తగిలించి ఉన్న అణువు అది, రంగు లేనిది. దాన్ని కోసే గ్లూకోసిడేజ్ కూడా అదే ఆకులో ఉంటుంది, కానీ వేరే అరలో. ఆకు బతికున్నంతకాలం రెండూ కలవవు. పూతకు రాకముందే కొమ్మలు కోసి, తొట్టిలో పేర్చి, పైకి తేలకుండా బరువు పెట్టి నీళ్ళు నింపితే అరలు పగులుతాయి. రాత్రంతా నీటితో కోత సాగుతుంది. నీళ్ళలో పుట్టే సూక్ష్మజీవులు కూడా చెయ్యి వేస్తాయి. తెల్లారేసరికి నీళ్ళు పసుపూ పచ్చా కలిసిన రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళను కింది తొట్టిలోకి దించుతారు. అందులో మనుషులు దిగి గంటల తరబడి తెడ్లతో కొడతారు. గాలి కలిసేకొద్దీ రెండేసి ఇండాక్సిళ్ళు జతకట్టి నీలిగా మారి అడుగుకు దిగుతాయి. ఆ బురదను ఉడకబెట్టి, వడగట్టి, నొక్కి బిళ్ళలు కోస్తారు.

ఇందులో నన్ను ఆపేసేది ఉడకబెట్టే పని. వేడికి ఎంజైము చస్తుంది, సూక్ష్మజీవి చస్తుంది, పులియడం ఆగుతుంది. ఎంజైము అన్న మాట పుట్టకముందే, దాన్ని ఎప్పుడు పనిలోకి దించాలో, ఎప్పుడు పని మాన్పించాలో తొట్టి దగ్గరి మనిషికి తెలుసు. ఆకు తక్కువసేపు నానితే ఇండికాన్ ఆకులోనే మిగిలిపోతుంది. ఎక్కువసేపు నానితే దిగుబడీ పోతుంది, రంగూ మసకేస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఘడియను గడియారం చెప్పలేదు. ఆ రోజు ఎండ, ఆ ఆకు ముదురు, ఆ బావి నీళ్ళు కలిసి చెబుతాయి. వాసనా, బుడగలూ, నీటి మీద తేలే రంగూ చూసి మనిషి నిర్ణయించాలి.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ పనికి కడప పెద్ద కేంద్రం, నెల్లూరు ప్రాంతం కూడా. పెడన షెడ్లు ఆకు నానబెట్టవు. బిళ్ళ బయటి నుంచి వస్తుంది. అయితే ఇక్కడ రెండో తొట్టి కథ మొదలవుతుంది. నీలి నీళ్ళలో కరగదు కాబట్టి దారంలోకి పోదు. దాన్ని మళ్ళీ రంగు లేని రూపంలోకి తిప్పాలి. దక్షిణాది పాత పద్ధతిలో ఉడికించిన తగిరిస గింజలూ సున్నమూ చౌడు క్షారమూ వేసి తొట్టిని పులియబెట్టేవారు. గింజలోని గట్టి పిండిపదార్థాన్ని సూక్ష్మజీవుల హైడ్రోలేజులు కోసి చక్కెరలు చేస్తాయి. ఆ చక్కెర తిన్న సూక్ష్మజీవులు తొట్టిలో ప్రాణవాయువు లేకుండా చేసి నీలిని కరిగిస్తాయి. తెల్లబట్ట ముంచి తీస్తే పసుపుపచ్చగా వస్తుంది. గాలి తగిలిన కాసేపట్లో పచ్చ అవుతుంది, ఆపైన నీలం. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు పక్కనున్న పెద్దాయన బట్టను రెండు చేతులా పట్టుకుని, ‘మాట్లాడకండి బాబూ, చూడండి’ అన్నారు. చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు.

ఇవాళ పెడన బల్లల మీద కనిపించే నీలమంతా ఆకు నీలం కాదని కూడా చెప్పాలి. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలిని బజారుకు తెచ్చాక ఆకు సాగు దేశమంతటా కూలిపోయింది. టేకు అచ్చుల మీద ఇప్పుడు రసాయన రంగులూ ఆడుతున్నాయి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నలుపు, పటిక మీద పలికే ఎరుపు మాత్రం అక్కడక్కడా పట్టు వదలకుండా ఉన్నాయి. ఆ నలుపు కుండలో కూడా బెల్లంలోని చక్కెరను ముందుగా రెండుగా కోసేది ఒక హైడ్రోలేజే. మన అద్దకం ఇంటి నిండా ఈ నీటికత్తులే.

ఇక గాజుగొట్టం.

సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు సర్జరీ కోటు తొడుక్కుని ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ ఎల్ఎంఎస్‌తో బయటపడిన మనిషి. అమెరికా వెళ్ళాక ఆసుపత్రిలో ఊడిగం పని చేసి పొట్ట పోసుకున్నారు. 1925లో హార్వర్డ్‌లోని సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రవంలో విడిగా ఉన్న ఫాస్ఫేటుకు ఆమ్లమూ మాలిబ్డేటూ కలిపితే ఒక జంట పదార్థం తయారవుతుంది. దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే మందు చేరిస్తే నీలం తిరుగుతుంది. ఫాస్ఫేటు ఎంతుంటే అంత చిక్కని నీలం. ఫాస్ఫేటును కోసి వదిలే ఏ ఎంజైమునైనా దీనితో కొలవొచ్చు. ఎంజైము ఎంత కోసిందో నీలం అంత చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రవేత్తలు అత్యధికంగా ఉదహరించిన వ్యాసాల్లో అదొకటి.

ఆ నీలాన్ని చదివింది మొదట్లో కళ్ళే. అప్పటి డుబోస్క్ కలరిమీటర్లో రెండు గాజు గిన్నెలు ఉంటాయి. ఒక దానిలో లెక్క తెలిసిన ద్రవం, రెండో దానిలో తెలుసుకోవలసింది. కంటి దగ్గర ఒకే వలయం, నడిమికి చీలి ఉంటుంది. అటు సగంలో ఒక నీలం, ఇటు సగంలో ఒక నీలం. గిన్నెను పైకీ కిందకీ జరుపుతూ రెండు సగాలూ ఒకటై నడిమి గీత మాయమయ్యేదాకా చూడాలి. అప్పుడు అంకె రాసుకోవాలి. రంగుల తులనాత్మక విమర్శే ఇది. నేను ఈ వ్యాసంలో చేస్తున్నదీ అదే, కాకపోతే నా గిన్నెల్లో నడిమి గీత మాయం కాదు. మాయం కాకూడదని కూడా అనుకుంటున్నాను.

ఆ పద్ధతి గొప్పదనం అది చూపిన తేడాలో ఉంది. కండరం నుంచి తీసిన ద్రవానికి మందులు కలిపినప్పుడు నీలం వెంటనే తేలలేదు. నెమ్మదిగా, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. విడి ఫాస్ఫేటే అయితే అలా ఆలస్యం కాకూడదు. చాలామంది దీన్ని కొలతలో దోషం అని తోసేస్తారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటు ఇంకొక దానికి తగిలి ఉంది, ఆమ్లంలో నీటి దెబ్బకు మెల్లగా ఊడి వస్తోంది, వచ్చినంత మేరకే నీలం పెరుగుతోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఆ వ్యాసం శీర్షికలోనే కండరపు ‘అకర్బన ఫాస్ఫేటు’ అన్న మాటకు కొటేషన్ గుర్తులు తగిలించారు. అందరూ అనుకుంటున్నది నిజం కాదని చెప్పడానికి రెండు గుర్తులు చాలాయి. 1929లో, కండరానికి శక్తినిచ్చే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా పట్టుకున్నాడు. చినగొల్లపాలెం ఒడ్డున వల లాగే బెస్త భుజంలో క్షణక్షణం నీటితో తెగుతున్నది ఆ ఏటీపీయే.

ఇప్పుడు రెంటినీ వలయంలో పెడదాం.

మొదట కనిపించే తేడా రసాయనంలో ఉంది, నాకు అది అందంగా తోస్తుంది. నీలితొట్టిలో గాలి తగిలితే నీలం, గాలి పోతే రంగు మాయం. మాలిబ్డేటులో ఎలక్ట్రాను చేరితే నీలం, పోతే మాయం. ఒకటి ఎదురు దిక్కు నుంచి వస్తే రెండోది ఇటు నుంచి వస్తుంది. రెంటిలోనూ ఎంజైము రంగు వెయ్యదు, బంధాన్ని కోసి వదిలేస్తుంది. రంగు ఆ తర్వాతి చెయ్యి వేసేది. తొట్టిలో ఆ చెయ్యి గాలిది, గొట్టంలో సుబ్బారావుది.

రెండో తేడా ఆయుర్దాయం. కోరమండల్ తీరపు చింట్జు బట్టలు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. బందరులో ఇంగ్లీషువాళ్ళు 1611లో కోఠీ పెట్టింది ఈ రంగు బట్టల కోసమే. ఆ నీలం వందల ఏళ్ళు నిలిచింది. సుబ్బారావు నీలం చదివిన మరుక్షణం సింకులో పారబోసేది. నిలిచింది అంకె. తొట్టి మనిషి పేరు బట్టతో రాలేదు, పద్ధతి మనిషి పేరు మాత్రం ‘ఫిస్కే–సుబ్బారావు’ అని ప్రతి బయోకెమిస్ట్రీ ల్యాబులో పలుకుతారు. ఆయనకూ పూర్తి న్యాయం జరగలేదు. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. అయినా పేరు మిగిలింది. తెడ్డు పట్టి నడుము లోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళకు అదీ లేదు. ఈ అసమానత దగ్గర నేను పక్షం తీసుకుంటాను. తొట్టి మనిషిది ఊహాగానమని, గుడ్డి అలవాటని అనేవాళ్ళు ఒక్కసారి ఆకు నానబెట్టి, ఘడియ తప్పకుండా దించి చూడాలి. వేడితో ఎంజైమును ఆపాలని తెలియడం జ్ఞానమే. పేరు పెట్టకపోవడం వేరు, తెలియకపోవడం వేరు.

అలాగని గాజుగొట్టం పొడిపొడి లెక్క అనే మాటను కూడా ఒప్పుకోను. ఎమ్మెస్సీలో మా ప్రాక్టికల్ ఈ పద్ధతే. పది గొట్టాలు వరసగా పెడితే మొదటిది పొద్దుటి ఆకాశం, చివరిది లోతు సముద్రం. భీమవరం పిల్లవాడు కనిపెట్టిందని మేస్టారు చెప్పినప్పుడు ఆ వరస నా కంటికి మా ఊరి సముద్రంలాగే కనిపించింది. రంగు మెల్లగా రావడాన్ని గమనించిన కన్ను, తొట్టిలో రంగు తిరగడాన్ని గమనించిన కన్ను ఒకే జాతివి. తొందరపడితే ఇద్దరూ ఓడిపోయేవారే.

అసలైన తేడా వేరే చోట ఉంది. తొట్టి మనిషి తెలివి ఆ తొట్టి దాటి పోదు. కడప తొట్టి దగ్గర చెయ్యి తిరిగినవాడిని ఇంకో నీళ్ళ దగ్గర నిలబెడితే కొన్నాళ్ళు మళ్ళీ నేర్చుకోవాలి. కొడుక్కి నేర్పాలంటే పక్కన నిలబెట్టుకోవాలి. వాడు పట్నం వెళ్ళిపోతే అంతటితో సరి. అంకె అలా కాదు. బోస్టన్‌లో రాసింది బందరులో పనిచేస్తుంది. కానీ ప్రయాణంలో అంకె తన ఊరిని వదిలేస్తుంది. ఏ వేడిలో కొలిచారు, ఏ పులుపులో కొలిచారు అన్న మాటలు దారిలో రాలిపోతాయి. ఇది పుస్తకాల్లో కూర్చుని కనుక్కున్న సంగతి కాదు, మా బాబాయి చెరువు గట్టు మీద తెలిసింది.

2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక మా మండలం వరిచేలలో ఎన్నో చెరువులయ్యాయి. ఇప్పుడు ప్రతి గట్టు మీద హైడ్రోలేజులే. ప్రోటియేజ్, లైపేజ్, అమైలేజ్, సెల్యులేజ్, ఫైటేజ్ అని పొట్లాల మీద రాసి ఉంటుంది. మేతకు పట్టించమంటారు, నీళ్ళలో చల్లమంటారు. నేను చూసిన కొన్నింటి మీద పేర్లే ఉన్నాయి, యూనిట్లు లేవు. యూనిట్లు ఉన్నవాటిలో ఫైటేజ్ సంగతి తీసుకుందాం. సోయా పిండిలో, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ భాగం ఫైటేటుగా ముడిపడి ఉంటుంది. రొయ్యకు అది అందదు, మలంలో చెరువు అడుగుకు పోతుంది, పాచి పెంచుతుంది. ఫైటేజ్ ఆ ముడిని నీటితో కోస్తుంది. దాని బలాన్ని ఎఫ్‌టీయూలో చెబుతారు. సోడియం ఫైటేటు నుంచి నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫాస్ఫేటు విడిపించే ఎంజైము ఒక యూనిట్. విడిపోయిన ఆ ఫాస్ఫేటును మాలిబ్డేటు రంగుతో కొలుస్తారు. అంటే పొట్లం మీది అంకె సుబ్బారావు నీలానికి మనవడి వరస.

ఆ అంకె కొలిచేది పీహెచ్ 5.5 దగ్గర, 37 డిగ్రీల వేడిలో. పందికీ కోడికీ జీర్ణాశయంలో పులుపు ఉంటుంది కాబట్టి వాటికి ఆ కొలత కొంత సరిపడుతుంది. రొయ్యకు పులుపు జీర్ణాశయం లేదు. దాని పేగు ఇంచుమించు తటస్థం, చెరువు నీళ్ళు ఎనిమిదికి అటూ ఇటూ. పులుపులో పనిచేసే బూజు ఫైటేజ్ అక్కడ చాలావరకు పడుకుంటుంది. పొట్లం అబద్ధం చెప్పలేదు, కానీ ఆ నిజం ఇంకో కడుపుది. నీళ్ళలో చల్లిన దాని పని మరీ కష్టం. అంత నీళ్ళలో పలచబడిపోతుంది. పైగా ఎంజైము కూడా ప్రోటీనే, ప్రోటియేజ్‌కు అదీ మేతే.

అదే గట్టు మీద పక్కనే ఒక నీలం రంగు డ్రమ్ము ఉంటుంది. అందులో తవుడు, బెల్లం, ఈస్టు. రాత్రి కలిపి మూత పెడతారు, మర్నాడో ఆ మర్నాడో చెరువులో పోస్తారు. జ్యూసు అంటారు దాన్ని. బెల్లాన్ని కోసే ఎంజైము ఈస్టు తెస్తుంది, తవుడులో దాని సొంత కత్తులు కొన్ని ఉంటాయి, సూక్ష్మజీవులు మిగతావి తెస్తాయి. ఏది ఎంతుందో ఎవరూ చెప్పలేరు. బాబాయి మూత తీసి వాసన చూస్తాడు. తియ్యగా, కల్లు వాసన వస్తే పోస్తాడు. కుళ్ళు వాసన వస్తే పారబోస్తాడు. ఆయన తొట్టి మనిషి వంశం. పొట్లం గాజుగొట్టం వంశం. నీలి పోయినా, బోస్టన్ దూరమైనా, ఆ రెండు దారులూ మా ఊళ్ళో ఒకే గట్టు మీద కలిశాయి. కాకపోతే రెంటికీ తమ మంచి గుణం ఒకటి జారిపోయింది. డ్రమ్ముకు నిలకడ లేదు, ఆపే ఘడియ తెలియదు, ఉడకబెట్టే వేడి దాని కథలో లేదు. పొట్లానికి అంకె ఉంది, ఆ అంకె పుట్టిన చోటు చెప్పదు.

ఎటు మొగ్గుతావని అడిగితే, ఇవాళ్టికి డ్రమ్ము వైపే మొగ్గుతాను. బాగుందో చెడిందో బాబాయి ముక్కు చెప్పగలదు కాబట్టి. పొట్లం చెడిందో లేదో ఆయనకు ఏ దారిలోనూ తెలియదు. షెడ్డు రేకుల కింద వేసవి ఎండకు చచ్చిపోయిన ఎంజైమూ బతికున్న ఎంజైమూ ఒకే తెల్ల పొడి. కనపడని పనిని కనపడేలా చెయ్యడమే తొట్టి, గొట్టం రెండూ నేర్పిన విద్య అయితే, ఆ విద్య లేకుండా అమ్ముతున్నది పొట్లమే.

పోయిన వేసవిలో బాబాయి ఒక పొట్లం నా చేతిలో పెట్టి, ‘ఏరా, ఈ అంకె మన చెరువుకేనా?’ అని అడిగాడు. కాదన్నాను. ఎందుకు కాదో చెప్పడానికి ఈ కథంతా చెప్పాల్సి వచ్చింది. పెడన బట్ట దగ్గర మొదలుపెట్టి పంది కడుపు దాకా. ఆయన అడ్డు తగలకుండా విన్నాడు. విన్నాక, ‘అయితే మన నీళ్ళలోనే కొలిచి చూడొచ్చుగా’ అన్నాడు. చూడొచ్చు. సోయా పిండిని చెరువు నీళ్ళలో నానబెట్టి, సగంలో పొట్లం కలిపి, సగంలో కలపకుండా ఉంచి, మర్నాడు రెంటిలో విడిపోయిన ఫాస్ఫేటు చూస్తే చాలు.

రెండు సీసాలూ పట్టుకుని రోడ్డు మీది ఆక్వా ల్యాబుకు వెళ్ళాం. ల్యాబు అమ్మాయి వడగట్టి, మందులు కలిపి, రెండు గొట్టాలూ తెల్లకాగితం ముందు పక్కపక్కన నిలబెట్టింది. రెండూ నీళ్ళలాగే ఉన్నాయి. బాబాయి వంగి చూశాడు.

‘ఏమీ లేదేంటమ్మా?’

‘పది నిమిషాలు ఆగండి బాబాయిగారూ, రంగు ఇప్పుడే రాదు’ అంది. స్టూలు లాక్కుని ఆయన గొట్టాల ఎదురుగా కూర్చున్నాడు.